క్రేప్స్ చేస్తే ఆమ్లెట్‌లా సాగుతున్నాయి, తేడా ఎక్కడ కొడుతోంది?

బీచ్‌రోడ్ శ్రావ్య (విశాఖ)

అందరికీ నమస్తే అండి. వంటల సెక్షన్లో వెతికితే క్రేప్స్ మీద పాత పోస్టులేవీ కనపడలేదు, అందుకే కొత్తది పెడుతున్నా. మా పాప స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకుంది, ఏదో పాఠంలో ఈ క్రేప్స్ (ఫ్రెంచ్ వాళ్ళ పల్చటి అట్లు) సంగతి వచ్చిందట, ఇంక అప్పట్నుంచి చెయ్యమని ఒకటే గోల. నెట్‌లో ఓ ఫ్రెంచ్ ఆవిడ కొలతలు దొరికాయి: మైదా 250 గ్రాములు, గుడ్లు 4, పాలు అర లీటరు, కరిగించిన బటర్ 50 గ్రాములు, చిటికెడు ఉప్పు. అన్నీ కాటా మీద తూచి మరీ తీసుకుని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పేసి వెంటనే దోశల పెనం మీద వేసేశా. మధ్యలో మందం, అంచుల్లో చిరుగులు, తింటుంటే సాగుతోంది, పైగా నీచు వాసన. మావారైతే ఆమ్లెట్ బానే ఉంది గానీ ఉల్లిపాయ మర్చిపోయావేం అన్నారు. పాప మొహం చూడాలి అప్పుడు.

కొలతల్లో తప్పుందా, చేసే పద్ధతిలోనా? చేసి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మీడియం మంట (హైదరాబాద్)

అక్కా కొలతలు కరెక్టే ఉన్నయ్, నేను కూడా గదే వాడ్త. పెనం మీద పోసినంక గరిటెతోని గుండ్రంగ తిప్పినవా? తిప్పి ఉంటవ్, మన చెయ్యి ఊకుంటదా. అది దోశకి నడుస్తది గాని దీనికి నడవది. పాలు ఏం పాలు వాడినవ్, పెనం ఎంత వేడి మీద ఉండె, ఈ రెండు చెప్పు ముందుగాల.

అట్లకాడ (గుంటూరు)

నాకో డౌటు. మైదాట్టులో ఓ నాలుగు గుడ్లు కొట్టి ఫ్రెంచ్ పేరు పెడితే క్రేప్ అంటున్నారు అంతేగా, దీనికి ఇంత రిసెర్చ్ దేనికండీ. మా అమ్మ మైదా, బియ్యప్పిండి, మజ్జిగ, పచ్చిమిర్చి కలిపి పది నిమిషాల్లో వేసి పడేసేది.

బీచ్‌రోడ్ శ్రావ్య (విశాఖ)

@మీడియం మంట అవును గరిటెతోనే తిప్పానండి, ఇంకెలా పరుస్తారు? పాలు మా పాలబ్బాయి పోసే గేదె పాలు, మీగడ కట్టేంత చిక్కగా ఉంటాయి. పెనం దోశకి కాల్చినట్టే నీళ్ళు చిలకరిస్తే సుయ్యిమనేంత వేడి. @అట్లకాడ గారూ మా పాపకి మైదాట్టు పెట్టి ఇదే క్రేప్ అని చెప్పా, పుస్తకంలో బొమ్మ తెచ్చి చూపించింది, ఇంక నేనేం మాట్లాడను.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

శ్రావ్య గారూ, నేనుండేది ఫ్రాన్స్‌లోని బ్రిటనీలోనే, అంటే క్రేప్స్ పుట్టిన ప్రాంతమే, ఇక్కడ వీధికో క్రేపరీ (క్రేప్స్ వేసి అమ్మే హోటల్) ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా ఓపిగ్గా చదవండి.

మొదటిది పాలు. ఫ్రాన్స్‌లో ఇళ్ళల్లో మామూలుగా వాడే పాలు సగం వెన్న తీసినవి, ఒకటిన్నర శాతం చిల్లర కొవ్వు ఉంటుంది అంతే. మన దగ్గర ప్యాకెట్ ఫుల్ క్రీమ్‌లోనే 6 శాతం, గేదె పాలైతే ఇంకా పైనే. అంటే ఆ ఫ్రెంచ్ ఆవిడ రాసిన అర లీటరు పాలూ మీరు పోసిన అర లీటరు పాలూ ఒకటి కాదు. పిండి చిక్కబడుతుంది, పెనం మీద పారదు, బరువుగా వస్తుంది. టోన్డ్ పాలు (3 శాతం) వాడితే అలాగే పొయ్యండి, గేదె పాలైతే 300 మిల్లీలీటర్ల పాలకి 200 నీళ్ళు కలపండి. నీళ్ళు పోస్తే రుచి పోతుందేమో అని భయం వద్దు, ఇక్కడ చాలామంది కావాలనే కొంత నీళ్ళు పోస్తారు, పల్చగా తేలిగ్గా వస్తాయి.

రెండోది వేడి. దోశకి పెనం బాగా కాలాలి, పిండి పడగానే అడుగు పట్టుకోవాలి, అప్పుడే గరిటె తిప్పగలం. క్రేప్‌కి సరిగ్గా దానికి ఉల్టా. పిండి పడ్డాక ఓ రెండు మూడు సెకన్లు నీళ్ళలా పారుతూ ఉండాలి, ఆ లోపల మీరు ప్యాన్‌ని చేత్తో ఎత్తి అటూ ఇటూ వంచి తిప్పితే అదే అంతటా పరుచుకుంటుంది. గరిటె అసలు తగలకూడదు. అంత వేడి పెనం మీద పోసి గరిటె తిప్పితే మధ్యలో పేరుకుపోయి అంచుల్లో చిరగక ఏం చేస్తుంది చెప్పండి.

క్రేపరీల్లో మాత్రం ప్యాన్ ఉండదు, బిలిగ్ అని పెద్ద గుండ్రటి పోత ఇనుము పెనం ఉంటుంది, దాన్ని ఎత్తి వంచడం అయ్యే పని కాదు కాబట్టి రోజెల్ అని ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండే చెక్క పుల్లతో పరుస్తారు. మధ్యమధ్యలో దాన్ని నీళ్ళగిన్నెలో ముంచుతూ మణికట్టు ఒక్క చుట్టు తిప్పితే చాలు కాగితమంత పల్చగా వచ్చేస్తుంది. మన దోశ మాస్టర్లు ఎవరైనా చూస్తే వారంలో నేర్చేసుకుంటారు. ఇంట్లో మాత్రం ఇక్కడివాళ్ళు కూడా మామూలు ప్యానే వాడతారు.

మీడియం మంట (హైదరాబాద్)

పాల ముచ్చట మస్తు చెప్పిన్రన్నా. నేను డబుల్ టోన్డ్ తెస్త, ఎందుకు మంచిగొస్తున్నయో నాకే తెల్వదు ఇన్నొద్దులు.

ల్యాబ్ కోటు (బెంగళూరు)

పాలు, వేడి రెండూ కరెక్ట్. మూడోది ఎవరూ అనలేదు. పిండిని నాననివ్వాలి. మైదాలో నీళ్ళు పడి మిక్సీ తిరిగిందంటే అందులో ప్రోటీన్ అంతా గ్లూటెన్ వలలా అల్లుకుపోతుంది, దాన్నే మనం సాగడం అంటున్నాం. చపాతీ పిండి కలిపి కాసేపు మూత పెడతాం చూడండి, వెంటనే ఒత్తితే వెనక్కి ముడుచుకుంటుంది కదా, అదే లాజిక్ ఇక్కడ కూడా. అరగంట నుంచి గంట వదిలేస్తే ఆ బిగువు తగ్గుతుంది, పిండిలో స్టార్చ్ నీళ్ళు పీల్చుకుని మొత్తం ఒకేలా అవుతుంది, మిక్సీలో పడిన గాలి బుడగలు పైకొచ్చి పోతాయి. ఆ బుడగలే పెనం మీద బొక్కలు.

అసలు మిక్సీ వద్దు. గిన్నెలో మైదా ఉప్పు వేసి మధ్యలో గుంట చేసి గుడ్లు కొట్టి విస్క్‌తో మధ్యలోంచి కలుపుతూ రండి, ముందు ఓ చిన్న గ్లాసుడు పాలే పోసి ఉండల్లేకుండా చిక్కటి ముద్దలా చెయ్యండి, అది నున్నగా అయ్యాకే మిగతా పాలు కొంచెం కొంచెంగా. మొత్తం పాలు ఒకేసారి పోస్తే ఉండలు తేలతాయి, అప్పుడు వాటిని చితక్కొట్టడానికి ఎక్కువ తిప్పాలి, ఎక్కువ తిప్పితే మళ్ళీ సాగుడు. చివర్లో జల్లెడ పట్టేస్తే నిశ్చింత.

అట్లకాడ (గుంటూరు)

నానబెట్టడం సరే, మన దోశ పిండిలా రాత్రి కలిపి పొయ్యి గట్టు మీద పెట్టేస్తే పొద్దున్నకి రెడీ కదా మరి?

ల్యాబ్ కోటు (బెంగళూరు)

అయ్య బాబోయ్ వద్దండి!! దోశ పిండి పులియాలి, ఇది పులవకూడదు. పచ్చి గుడ్లు, పాలు కలిపిన పిండి మన ఎండల్లో రాత్రంతా బయట ఉంటే తినేవాళ్ళ కడుపు సంగతి నేను చెప్పక్కర్లేదు. అరగంటకి మించితే ఫ్రిజ్‌లోనే. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంటుంది, తీసేటప్పటికి చిక్కబడి ఉంటుంది కాబట్టి కాసిని పాలో నీళ్ళో పోసి పల్చన చేసుకోండి, పైన బటర్ గడ్డకట్టి తేలుతుంటే కంగారు పడకుండా కాసేపు బయట పెట్టి కలపండి.

ఇంకో మాట, బటర్ కలిపేటప్పుడు పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి అయితే కరిగించిన బటర్ పడగానే పలుకులు పలుకులుగా అయిపోతుంది. పాలు, గుడ్లు రెండూ ముందే బయట పెట్టుకోవాలి.

ఎడిసన్ వదిన (న్యూజెర్సీ)

నీచు వాసనకి నా దగ్గర మందుంది శ్రావ్యా. బటర్‌ని ఊరికే కరిగించి పోసెయ్యకు, చిన్న మంట మీద ఉంచు, ముందు నురగ వస్తుంది, చిటపటలాడుతుంది, ఆ చప్పుడు తగ్గాక అడుగున ఎర్రటి పొడిలా తేలి నెయ్యి కాచినప్పటి కమ్మటి వాసన వస్తుంది, అక్కడ ఆపెయ్, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతుంది. ఫ్రెంచ్ వాళ్ళు కూడా చేస్తారు ఇలా, హేజెల్‌నట్ బటర్ అంటారు వాళ్ళు. ఆ ఎర్రపొడితో సహా పిండిలో కలిపెయ్. దాంతోపాటు నిమ్మతొక్క కొంచెం తురిమి, వెనిల్లా ఓ అర స్పూను. వాసనా గీసనా ఏం ఉండదు.

ఇక్కడున్నవాళ్ళకి ఒక మాట, ఆల్ పర్పస్ ఫ్లోర్‌లో ప్రోటీన్ మన మైదా కంటే ఎక్కువే ఉండొచ్చు కంపెనీని బట్టి, ప్యాకెట్ మీద చూసుకోండి, ఎక్కువుంటే ఇంకాస్త సేపు నాననివ్వండి, ఓ రెండు స్పూన్ల పిండి తీసేసి కార్న్ స్టార్చ్ వేసినా మెత్తగా వస్తాయి.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

వదిన గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ కొందరు రమ్ ఒక స్పూను పోస్తారు, నారింజ పూల నీళ్ళు అని దొరుకుతాయి అవి పోసేవాళ్ళూ ఉన్నారు, అన్నీ ఆ గుడ్డు వాసన కోసమే.

గుడ్ల లెక్క కూడా చూడాలి. ఇక్కడ మామూలు సైజు గుడ్డే 53 నుంచి 63 గ్రాములు, మన షాపుల్లో చాలావరకు దానికంటే చిన్నవే. శ్రావ్య గారు వేసిన 4 మన గుడ్లు అయితే ఎక్కువేం కాదు, పెద్దవైతే 3 చాలు. గుడ్డు ఎక్కువైతే సాగుతుంది, తక్కువైతే తిరగేసేటప్పుడు చిరుగుతుంది.

యానాం ఏటిగట్టు (యానాం)

ఏమండోయ్ ఫ్రెంచ్ వాళ్ళ గురించి ఇంత మాట్లాడుతున్నారు, రెండొందల ఏళ్ళ పైన వాళ్ళు మా ఊళ్ళో ఉండి 1954లో వెళ్ళారు, మా ఇంట్లో మాత్రం క్రేప్ ఎవరూ వండిన పాపాన పోలేదండి బాబూ, మేం పులసలతోటే సరిపెట్టుకున్నాం :) పాండిచ్చేరిలో తిన్నాను ఒకసారి, చక్కెర, నిమ్మకాయ పిండినది. బానే ఉంది కానీ ఒక్కదానికి వాళ్ళు తీసుకున్న డబ్బుతో మా వీధి చివర పెసరట్లు పది వస్తాయి. సరే అసలు విషయం. నా దగ్గర నాన్‌స్టిక్ లేదు, ఇనప పెనమే, అది కూడా మా నాయనమ్మది. దాని మీద వస్తాయా రావా?

మీడియం మంట (హైదరాబాద్)

ఇనుముది అయితే రావన్నా. అంటుకుంటది. 24 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ ప్యాన్ తెచ్చుకో, అంచు తక్కువ ఉండాలె, బరువు తక్కువ ఉండాలె, ఒక్క చేత్తోని తిప్పుతం కదా.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

రావు అనకండి, నాన్‌స్టిక్ రాక ముందు ఫ్రాన్స్ మొత్తం ఇనుము మీదే వేసుకుంది. బిలిగ్ కూడా ఇనుమే కదా. ఏటిగట్టు గారూ మీ నాయనమ్మ గారి పెనం నల్లగా నిగనిగలాడుతోందా? అయితే అది నాన్‌స్టిక్ కంటే మేలు. కాకపోతే రెండు విషయాలు, అది మధ్యలో గుంటగా ఉంటే కుదరదు, చదునుగా ఉండాలి, బరువుంటే ఎత్తి తిప్పలేరు కాబట్టి గరిటెతో కాకుండా వెడల్పాటి అట్లకాడ అంచుతో ఒకే ఒక్క చుట్టు లాగాలి.

నూనె రాయడానికి మన ఇళ్ళల్లో సగం కోసిన ఉల్లిపాయ వాడతాం. ఇక్కడ సగం కోసిన బంగాళదుంపని ఫోర్క్‌కి గుచ్చి నూనెలో అద్ది రుద్దడం పాత పద్ధతి. తీపి క్రేప్ వేసేటప్పుడు మీరు కూడా దుంపే వాడండి, ఉల్లిపాయ రుద్దిన పెనం మీద చక్కెర క్రేప్ తింటే శ్రావ్య గారి ఆయన మళ్ళీ ఆమ్లెట్ అంటారు.

మీడియం మంట (హైదరాబాద్)

సరే అన్నా ఒప్పుకుంటున్న. కానీ కొత్తగ చేసెటోళ్ళకి నాన్‌స్టిక్కే సులువు, అది మాత్రం తగ్గేదే లే.

నాగమణి శాకాహారం (రాజమండ్రి)

మీరంతా గుడ్డు గుడ్డు అంటుంటే మాకు దారేది? మా ఇంట్లో గుడ్డు గుమ్మం దాటి రాదు. ఎగ్‌లెస్ చేస్తే అది క్రేపే కాదని పక్క గ్రూపులో ఒకాయన కొట్టినంత పని చేశాడు.

అట్లకాడ (గుంటూరు)

గుడ్డు లేకపోతే అది మైదాట్టే అండి, మొదట్నుంచీ నేను చెప్తోంది అదే.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

అట్లకాడ గారూ ఆగండాగండి :) బ్రిటనీలో రెండు రకాలున్నాయి. గోధుమ మైదాతో చేసేది తీపి క్రేప్, దాంట్లో గుడ్లు, పాలు ఉంటాయి. రెండోది గాలెట్ అని బక్‌వీట్ పిండితో చేసే కారం రకం, అంటే మన భాషలో కారం అన్నా వాళ్ళది ఉప్పదనం వరకే లెండి. దాని అసలు పిండిలో ఉండేవి బక్‌వీట్ పిండి, నీళ్ళు, ఉప్పు. అంతే. కొందరు ఒక గుడ్డు వేస్తారు, వెయ్యనివాళ్ళు బోలెడుమంది. పేరుకి వీట్ అని ఉంది గానీ గోధుమకీ దానికీ సంబంధమే లేదు, గడ్డి జాతి కూడా కాదు, గ్లూటెన్ ఉండదు. బీద నేలల్లో కూడా పండుతుందని ఒకప్పుడు ఇక్కడి రైతుల తిండంతా దాని మీదే నడిచింది.

ఇండియాలో అదే కుట్టు పిండి. ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసాల్లో తింటారు కదా, అది. నాగమణి గారూ మీకు అసలు సిసలు బ్రిటనీ వంటే దొరికింది, ఆ పక్క గ్రూపు ఆయనకి చెప్పండి.

కొలత: కుట్టు పిండి 330 గ్రాములు, రాళ్ళ ఉప్పు 10 గ్రాములు, నీళ్ళు 750 మిల్లీలీటర్లు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క గరిటెతో గట్టిగా బాదండి, దీంట్లో గ్లూటెన్ లేదు కాబట్టి ఎంత బాదినా సాగదు. ఫ్రిజ్‌లో రెండు గంటలు. దీనికి పెనం మాత్రం బాగా వేడిగా ఉండాలి, ఇప్పుడు మీ దోశ చెయ్యి పనికొస్తుంది. పడగానే సన్నటి బొక్కలు బొక్కలుగా వస్తుంది, అలాగే రావాలి. ఒకవైపే కాలిస్తే చాలు, కాలుతుండగా పైన బటర్ రాసి, చీజ్ తురిమి, నాలుగు అంచులూ లోపలికి మడిచి చదరంగా చేస్తారు. ఇక్కడ హామ్, చీజ్ వేసి మధ్యలో గుడ్డు కొట్టి సొన కనపడేలా మడిచేదాన్ని కాంప్లెట్ అంటారు. మీరు పుట్టగొడుగులు, పాలకూర వేయించి పెట్టుకోండి, అది కూడా ఇక్కడ మెనూలో ఉండేదే.

ల్యాబ్ కోటు (బెంగళూరు)

కుట్టు పిండి కొనేటప్పుడు ప్యాకింగ్ తేదీ తప్పకుండా చూడండి. నిల్వ ఉంటే పాడైపోతుంది, ఉత్తరాదిలో నవరాత్రుల టైంలో పాత కుట్టు పిండి తిని జనం ఆసుపత్రుల్లో చేరిన వార్తలు వస్తుంటాయి. వాసన చూసి ముక్కిపోయినట్టుంటే పారెయ్యండి. కొందరికి బక్‌వీట్ అలర్జీ కూడా ఉంటుంది, పిల్లలకి మొదటిసారి పెడితే కొంచెమే పెట్టి చూడండి.

ఎడిసన్ వదిన (న్యూజెర్సీ)

నాగమణీ, తీపి క్రేప్ కూడా గుడ్డు లేకుండా చేసుకోవచ్చు. నేను కార్తీకమాసంలో చేస్తా. ఒక కప్పు మైదా, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, కప్పు పాలు, అర కప్పు నీళ్ళు, రెండు స్పూన్లు కరిగిన బటర్, స్పూను చక్కెర. గుడ్డు లేదు కాబట్టి పట్టు తక్కువ, అందుకని చిన్నవి వెయ్యి, అరచేతికి కొంచెం పెద్దగా, అడుగు పూర్తిగా కాలి అంచులు లేచేదాకా కదపకు. రంగు కొంచెం తెల్లగా వస్తుంది, అంతే తేడా.

నాగమణి శాకాహారం (రాజమండ్రి)

చాలా థాంక్స్ వదినా, రెన్ తెలుగోడు గారూ. కుట్టు పిండి ఇక్కడ దొరుకుతుందో లేదో మార్వాడీ కొట్లో అడుగుతా.

బీచ్‌రోడ్ శ్రావ్య (విశాఖ)

అందరికీ బోలెడు థాంక్స్! ఆదివారం మళ్ళీ చేశా. గేదె పాలలో నీళ్ళు కలిపి, చేత్తోనే కలిపి, గంట నాననిచ్చి, బటర్ వదిన చెప్పినట్టు ఎర్రగా కాచి. చిన్న నాన్‌స్టిక్ ప్యాన్ ఉంది దాని మీద వేశా. చిన్న గరిటెడు పిండి ఎడం చేత్తో పోస్తూ కుడిచేత్తో ప్యాన్ తిప్పుతుంటే మొదట్లో ఒకవైపే పోగైపోయింది కానీ రెండు మూడు అయ్యేసరికి చెయ్యి అలవాటు పడింది. వాసన లేదు, సాగడం లేదు. పాప చక్కెర, నిమ్మరసం వేసుకుని తింది, మావారు ఆవకాయ వేసుకుని తిన్నారు (ఏమీ అనకండి).

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, మొదటిది ఎప్పుడూ పాడైపోతోంది ఎందుకు? రెండోది, అన్నీ వేసేసరికి ముందు వేసినవి అంచుల్లో కరకరలాడుతూ ఎండిపోయాయి, మడిస్తే విరుగుతున్నాయి.

మీడియం మంట (హైదరాబాద్)

మొదటిది పాడైతది అక్కా, ఫ్రాన్స్‌లో కూడా మొదటిది కుక్కకే అంటరట. ప్యాన్ ఇంకా ఒక్క తీర్గ వేడెక్కదు కదా, మధ్యల వేడి, అంచులకి సల్లగ. దానికి నేను చేసే పని ఏందంటే సిమ్ కంటే కొంచెం ఎక్కువ మీద పెట్టి నాలుగైదు నిమిషాలు ఖాళీగ వదిలేస్త, బటర్ చుక్క వేస్తె నురగ రావాలె గాని వెంటనే ఎర్రగ కావొద్దు. ఎర్రగైతె ఎక్కువ వేడి, నురగే రాకుంటె తక్కువ. నాన్‌స్టిక్‌ని మాత్రం పెద్ద మంట మీద ఖాళీగ పెట్టకు, కోటింగ్ ఖరాబైతది.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

ఎండిపోవడానికి మందు: వేసినవన్నీ విడివిడిగా కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి పైన ప్లేటు బోర్లించండి. వాటి ఆవిరికే మెత్తబడతాయి. ఉడుకుతున్న నీళ్ళగిన్నె మీద ఆ ప్లేటు పెడితే అందరూ తినేదాకా వేడిగా ఉంటాయి. ఇంకా కరకరలాడితే మంట తక్కువై మరీ ఎక్కువసేపు ఉంచుతున్నారని అర్థం. పైన తడి మెరుపు పోయి అంచు దానంతటదే లేచాక తిప్పండి, నిమిషం లోపే అవుతుంది, రెండో వైపు అందులో సగం కూడా అక్కర్లేదు. రెండో వైపు మచ్చలు మచ్చలుగానే ఉంటుంది, అందంగా ఉన్న మొదటి వైపు బయటికి వచ్చేలా మడుస్తారు.

పాపకి చెప్పండి, ఫిబ్రవరి 2న ఇక్కడ షాందెలర్ అని పండగ, క్రిస్మస్‌తో కలిపి లెక్కేస్తే నలభయ్యో రోజు, ఆ రోజు ఇంటింటా క్రేప్సే. ఒక చేతిలో బంగారు నాణెం పట్టుకుని ఇంకో చేత్తో క్రేప్ గాల్లోకి ఎగరేసి మళ్ళీ ప్యాన్‌లో పట్టుకుంటే ఆ ఏడాది డబ్బుకి లోటుండదని నమ్మకం. ఇప్పుడు బంగారం ఎవరి దగ్గరుంది, యూరో బిళ్ళతో సరిపెడుతున్నారు. ఆఫీసులో మావాళ్ళు నా చేత కూడా ఎగరేయించారు.

నాగమణి శాకాహారం (రాజమండ్రి)

ఆహా మనకి అట్లతద్ది ఉన్నట్టన్నమాట! ముత్తైదువకి పదకొండు అట్లు వాయనం ఇస్తాం మేం. అట్టు పేరు మీద పండగ మన ఒక్కళ్ళకే ఉందనుకున్నా.

అట్లకాడ (గుంటూరు)

చూశారా, తిరిగి తిరిగి అట్టు దగ్గరికే వచ్చారు.

యానాం ఏటిగట్టు (యానాం)

రిపోర్టండీ. నాయనమ్మ పెనం మీద వేశా, బంగాళదుంప రుద్ది. ఒకటి కూడా అంటుకోలేదు. కాకపోతే పెనం బరువుకి ఎత్తి తిప్పలేక అట్లకాడతో లాగాను, గుండ్రంగా రాలేదు, ఇండియా మ్యాప్‌లా వచ్చింది, రుచికేం లోటు లేదు. పైన ఏం వెయ్యాలో తెలీక తాటిబెల్లం పాకం పట్టి అందులో అమూల్ బటర్ ఓ ముక్క వేశా, ఉప్పు బటర్ కదా, అబ్బో ఏం ఉందండీ. మా ఆవిడ పాకం గిన్నె దాచేసింది.

రెన్ తెలుగోడు (రెన్, ఫ్రాన్స్)

మీకు తెలీకుండానే బ్రిటనీ వంట చేశారు ఏటిగట్టు గారూ! ఫ్రాన్స్‌లో మిగతా చోట్ల ఉప్పు లేని బటర్ వాడితే బ్రిటనీలో మాత్రం ఉప్పు బటరే, చక్కెర ఎర్రగా కాచి అందులో ఉప్పు బటర్ వేసిన క్యారమెల్ ఇక్కడ క్రేప్ మీద మొదట అడిగేది. తాటిబెల్లంతో నేనూ చేస్తా ఈసారి ఇంటి నుంచి తెప్పించుకుని. అన్నట్టు ఉప్పు బటర్ వాడేవాళ్ళు పిండిలో మళ్ళీ ఉప్పు వెయ్యకండి.

బీచ్‌రోడ్ శ్రావ్య (విశాఖ)

పాప ఇప్పుడు క్రేప్ సుజెట్ అట, నిప్పు పెట్టి చేసేది. బ్రాందీ లేకుండా కుదురుతుందా?

ఎడిసన్ వదిన (న్యూజెర్సీ)

కుదురుతుంది, నిప్పు జోలికి అసలు పోకు ఇంట్లో పిల్లలతో. ప్యాన్‌లో మూడు స్పూన్ల చక్కెర కరిగి తేనె రంగు వచ్చాక రెండు కమలాల రసం పొయ్యి, చక్కెర గడ్డకడుతుంది, కంగారు పడకు మళ్ళీ కరుగుతుంది, తొక్క తురుము, 50 గ్రాముల బటర్ వేసి చిక్కబడ్డాక నాలుగు మడతలు వేసిన క్రేప్స్ అందులో రెండువైపులా ముంచి తియ్యి. కమలా తొక్క తురిమేటప్పుడు పై రంగు వరకే, కింద తెల్లటిది వస్తే చేదు. 1895లో మాంటే కార్లోలో కుర్ర వెయిటర్‌గా ఉన్నప్పుడు పొరపాటున మంట అంటుకుని ఇది పుట్టిందని ఆంరీ షార్పాంతియే అనే వంటాయన చెప్పుకున్నాడు, వంటల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది అదంతా కోతలే అంటారు. ఎలా పుడితే మనకేంటి.

బీచ్‌రోడ్ శ్రావ్య (విశాఖ)

థాంక్స్ వదినా, శనివారం చేస్తా. చివరిగా ఒకటి, మిగిలినవి దాచుకోవచ్చా? పాప లంచ్ బాక్స్‌లో అడుగుతోంది.

ల్యాబ్ కోటు (బెంగళూరు)

పూర్తిగా చల్లారాక పేర్చి గట్టిగా చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి బాగుంటాయి. ఫ్రీజర్ అయితే మధ్యమధ్యలో బటర్ పేపర్ వెయ్యండి లేకపోతే అన్నీ కలిసి ఇటుకలా అవుతాయి. కాలిన ప్యాన్ మీద పది పదిహేను సెకన్లు పెడితే చాలు, మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం పైన తడిగుడ్డ కప్పండి. బాక్స్‌లోకి నిమ్మరసం ముందే పిండకండి, లంచ్ టైంకి తడిసి ముద్దవుతుంది, ఉత్త చక్కెరా బటరా రాసి చుట్టి ఇవ్వండి.